డ్రాకు ఒప్పుకోని బోర్డు

చదరంగంలో కంప్యూటరును ఓడించానని చెబితే ఈ కాలం పిల్లలు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు. పెద్దావిడ ఏదో అంటోంది, పోనీలే అనుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనులోని ఆట ప్రపంచ విజేతలను కూడా ఊపిరి తిప్పుకోనివ్వదు. అలాంటిదాన్ని కృష్ణగిరిలో అంగడివాళ్ల ఇంట పుట్టి, హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరైన నేను ఓడించానంటే నమ్మడం కష్టమే. అందుకే ముందుగా చెప్పేస్తున్నాను. నేను ఓడించింది ఆ ఫోనులోని దాన్ని కాదు. మా ఫ్యాక్టరీలో తయారైన ఒక చదరంగం బోర్డును. అదీ ఒక్కసారి. పైగా ఆ ఓడించడానికే నాకు జీతమిచ్చారు.

మా ఫ్యాక్టరీ హోసూరులో స్టెబిలైజర్లు చేసేది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి టెస్టింగ్ సెక్షన్‌లో చేరిన దాన్ని, చివరికి ఆ సెక్షన్‌కే పెద్దనయ్యాను. తయారైన ప్రతి పెట్టె నా బల్ల మీదికి వచ్చేది. దానికి కరెంటు ఎక్కువ పెట్టి, తక్కువ పెట్టి, వేడి చేసి, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడడమే నా పని. అందరూ వస్తువు బాగా పనిచేస్తే సంతోషిస్తారు. టెస్టింగ్‌లో ఉన్నవాళ్లకు అది చెడిపోయినప్పుడే సంతోషం. కొన్నవాడి ఇంట్లో కాకుండా మన బల్ల మీదే చెడిపోయింది కదా అని.

కొన్నాళ్లకు కొత్త ఫ్రిజ్జులకూ టీవీలకూ స్టెబిలైజరు అవసరం లేకుండా పోయింది. ఆర్డర్లు తగ్గాయి. అసెంబ్లీ లైనులో పనిచేసే ఆడవాళ్లకు వారంలో సగం రోజులే పని దొరికేది. మా ఓనరుగారు మంచి మనిషి, తొందర మనిషి. ఒకరోజు అందరినీ పిలిచి చెప్పారు.

"ఇంగ స్టెబిలైజరును నమ్ముకుంటే అయ్యేది కాదు. మన తమిళనాడులో యా వీధికి పోయినా పిల్లోళ్లు చెస్సు నేర్చుకుంటా ఉండారు. తనే ఆడే బోర్డు ఒకటి చేస్తాం. పిల్లోడు పావు జరిపితే, అది తన ఎత్తును లైటేసి చూపిస్తాది. ఏమంటారు?"

ఎవరేమంటారు? చేశాం.

గడుల కింద చిన్న దీపాలు, పావుల అడుగున అయస్కాంతాలు, లోపల ఒక చిన్న చిప్పు. దీపం చూపిన గడికి బోర్డు పావును కూడా ఆడేవాళ్లే జరపాలి. ఆ చిప్పులోకి ఆటను ఎక్కించడానికి కోయంబత్తూరు నుంచి ఒక కుర్రాడు ఇంజనీరుగా వచ్చాడు. అక్కడి తెలుగిళ్ల పిల్లవాడే. ఎవరైనా వాడుకోవచ్చని బయట ఇచ్చిన ఒక చదరంగం ప్రోగ్రామును తీసుకుని, మా చిన్న చిప్పులో పట్టేలా కత్తిరించి, కుదించి, ఆరు నెలలు కష్టపడ్డాడు. చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు ఉండేవి. అవి తీసి మాట్లాడాడంటే మనల్ని గౌరవించినట్టు లెక్క.

టెస్టింగ్ నాకే వచ్చింది. ఫ్యాక్టరీ మొత్తంలో పావులు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా అంగట్లో బేరాలు లేని మధ్యాహ్నాలు అన్నలతో ఆడీ ఆడీ, కాలేజీ రోజుల్లో జిల్లా పోటీల్లో కప్పులు తెచ్చుకున్న చేయి నాది. అలా హోసూరులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదరంగం ఆడి జీతం తీసుకునే ఉద్యోగం నాకు దక్కింది. మా వదిన ఊరంతా చెప్పుకుంది, "మా ఆడబిడ్డ ఇప్పుడు ఫ్యాక్టరీకి ఆడుకునేకి పోతా ఉండాది" అని.

ఆడుకోవడం కాదు, తన్నులు తినడం. మొదటి నెలంతా ఆ బోర్డు నన్ను చితకబాదింది. నేను గుర్రాన్ని ముందుకు దూకిస్తే, దాని వెనక ఖాళీ అయిన గడిలోకి ఎటునుంచో ఒంటె వచ్చి కూర్చునేది. వాలుగా నడిచే పావును మేము ఒంటె అంటాం, నేరుగా నడిచేదాన్ని ఏనుగు. దాడి చేద్దామని దారులు తెరిచానా, ఆ తెరిచిన దారుల్లోనే నా రాజు చచ్చేవాడు. ఒకసారి గెలుపు చేతికి వచ్చింది. టీ వచ్చింది, తాగాను, ఒక్క ఎత్తు తప్పు వేశాను, అంతే. మనిషికి టీ వస్తుంది. దానికి రాదు.

ఓనరుగారికి ఇది చూస్తే పండగే. "మన బోర్డును మన చాంపియనే గెలవలేదు" అని వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి చెప్పేవారు. నేను కూడా నవ్వేదాన్ని.

కానీ ఓడిపోతూ ఓడిపోతూ ఉండగా నాకు ఒక విషయం కొరుకుడు పడలేదు. బంట్లన్నీ ముక్కుకు ముక్కు ఆనించుకుని, ఎవరికీ దారి లేకుండా ఆట బిగిసిపోయినప్పుడు ఆ బోర్డు తికమక పడేది. ఓడిపోయేది కాదు, కానీ పనిలేనివాడిలా ఏనుగును ఇటు జరిపి అటు జరిపేది. మా టెస్టింగ్ బోర్డుకు పక్కన చిన్న తెర ఉండేది. ఎవరిది పైచేయి అని బోర్డు అనుకుంటున్నదో ఆ తెర మీద ఒక అంకె కనిపించేది. అలా ఊరికే ఏనుగును జరుపుతున్నప్పుడు కూడా తానే గెలుస్తున్నానని ఆ అంకె చెప్పేది. గెలుస్తున్నవాడు అలా ఎందుకు తచ్చాడుతాడు?

ఇంజనీరుకు చెప్పాను. హెడ్‌ఫోన్లు తీశాడు.

"నువ్వు గెలిచినావా అక్కా?"

"లేదప్పా."

"డ్రా అన్నా అయిందా?"

"కాలేదు. నేనే ఓపిక లేక ఒక బంటును తెరిచినాను, ఓడిపోతిని."

"మరింకేం. ఓడిపోయినోళ్లు దాంట్లో తప్పుందంటే ఎట్లక్కా?" అని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

అతను మర్యాద తప్పి అనలేదు. నిజమే అన్నాడు. "నాకెందుకో అనుమానంగా ఉంది" అని రాస్తే అది రిపోర్టు కాదు. తప్పు ఉందంటే చూపించాలి. చదరంగం బోర్డులో తప్పు చూపించడమంటే దాన్ని ఓడించడమే.

ఇక్కడ నా బస్సు స్నేహితురాలి గురించి చెప్పాలి. బర్గూరు పక్క పల్లె నుంచి వచ్చే ఆవిడ, అసెంబ్లీ లైనులో పని. నాకంటే చిన్నది. బర్గూరులోనే బస్సెక్కి, కృష్ణగిరి స్టాండులో నేను ఎక్కేదాకా పక్క సీటు మీద సంచి పెట్టి ఎవరు అడిగినా వదిలేది కాదు. మధ్యాహ్నం క్యాంటీను వెనక రాతి బల్ల మీద సుద్దముక్కతో గీతలు గీసి మేమిద్దరం పులి-మేక ఆడేవాళ్లం. ఎప్పుడూ పులులు ఆవిడవే. నా మేకలను దూకి దూకి చంపేది.

ఒకరోజు బోర్డు చేతిలో రెండు ఆటలు ఓడి, విసుగ్గా వచ్చి కూర్చున్నాను. ఆలోచన ఎక్కడో ఉండి, మేకలను ముందుకు తీసుకుపోకుండా ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోయాను. కాసేపటికి ఆవిడ చేయి గాల్లో ఆగిపోయింది.

"ఏందక్కా ఇది? నా పులికి కాలు పెట్టేకి చోటు లేదే!"

చూశాను. ఆమె పులుల్లో ఒక్కటీ దెబ్బ తినలేదు. మూడూ ఆరోగ్యంగా ఉన్నాయి. కానీ ఏదీ కదిలే వీలు లేదు. ఆ ఆటలో మేకలు గెలిచేది అలాగే. చంపి కాదు, కట్టేసి. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆటే. కానీ ఆ క్షణంలో నాకు లోపలి బల్ల మీద ఉన్న బోర్డు కనిపించింది. ఇన్నాళ్లూ నేను దానితో పులిలా ఆడుతున్నాను. దూకడంలో, లెక్క వేయడంలో దాన్ని మించగలనా? అన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కున్నాను.

ఆ రోజు నుంచి నా ఆట మారింది. ఒక్క దారీ తెరవలేదు. బంటుకు బంటు ఎదురు పెట్టి అడ్డుగోడ కట్టడమే. మొదటిసారి బోర్డు చివర ఒక మూల సందు వదిలేశాను. ఆ సందులోంచే దూరి నన్ను మట్టి కరిపించింది. దానికి సందు చాలు. ఆ తరువాత సందు లేకుండా, దాని గుర్రాలు దూకే గడులకు కూడా కాపలా పెట్టి కట్టడం నేర్చుకున్నాను. గోడను వాలుగా దాటగలిగిన ఒంటె ఒకటి దానికి మిగిలితే, నా ఏనుగునిచ్చి మరీ ఆ ఒంటెను చంపేసేదాన్ని. ఏనుగు విలువ ఎక్కువ. కాబట్టి తెర మీద అంకె పెరిగేది, బోర్డు తానే గెలుస్తున్నానని ఇంకా గట్టిగా నమ్మేది. దారే లేనప్పుడు ఏనుగులు ఎన్ని ఉంటే ఏం లాభం? ఆ సంగతి దానికి తెలియదు.

చదరంగంలో ఒక నియమం ఉంది. ఎవరూ బంటును కదపకుండా, ఏ పావునూ చంపకుండా ఇరువైపులా యాభై ఎత్తులు గడిస్తే ఆట డ్రా, అంటే సమానం. ఒక శనివారం అలా గోడ కట్టి, నా రాజును పక్క గడికీ మళ్లీ వెనక్కీ నడిపిస్తూ కూర్చున్నాను. యాభై దగ్గర పడుతోంది. సరే, ఓడిపోకుండా డ్రా అయినా చాలు అనుకుంటున్నాను. అప్పుడు ఆ బోర్డు ఒక పని చేసింది. తన రాజు ముందు కాపలాగా ఉన్న బంటును తీసుకొచ్చి నా బంటు నోట్లో పెట్టింది. ఊరికే! ఎవరూ బలవంతం చేయలేదు.

ఆ బంటును చంపడానికి చేయి చాచాను.

కరెంటు పోయింది.

ఆ రోజుల్లో హోసూరులో కరెంటు పోవడమంటే విశేషం కాదు. కానీ ఆ పూట నేను తిట్టినట్టు ఎవరూ తిట్టి ఉండరు. జనరేటరు వేసేసరికి బోర్డు అంతా మరిచిపోయి కొత్త ఆటకు దీపాలు వెలిగించుకుని కూర్చుంది. ఇంజనీరుకు చెబితే, "వోల్టేజీ పడిపోయుంటాదక్కా, చిప్పు తప్పు లెక్కేసుంటాది" అన్నాడు. అనడానికి అవకాశం ఉంది. నేను చూసింది సగమే.

ఇంతలో మద్రాసు నుంచి కబురు వచ్చింది. బడులకు ఆటసామాన్లు అమ్మే పెద్ద కంపెనీ వాళ్ల మనిషి వచ్చే వారం చివర్లో వస్తున్నాడు. అతనూ టోర్నమెంట్లు ఆడినవాడే. స్వయంగా ఆడి చూసి, నచ్చితే ఏడాదికి సరిపడా ఆర్డరు. ఓనరుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మా, నువ్వొక సంతకం పెడితే లైను మొదలుపెట్టేస్తాను. మద్రాసు ఆయప్ప వచ్చే టయానికి డబ్బాలు పేర్చి చూపించాల."

"సార్, దీంట్లో ఏమో ఉండాది సార్. ఆయప్ప ఆట తెలిసినాయన. ఆయప్పకి కండ్లబడితే మొత్తం పోతాది."

"ఏముండాది? చెప్పు!"

ఒక్క పూట అడిగాను. "జనరేటరు వేసి, మధ్యలో ఆపకుండా ఒక్క ఆట ఆడనియ్యండి సార్. మీరు కూచోని చూడండి. నేను ఓడిపోతే ఆడనే సంతకం పెడతాను."

ఆయన పెదవి విరిచి, సోమవారం అన్నారు.

మాట లైనుకు ఎలా చేరిందో తెలియదు, వంకరగా చేరింది. టెస్టింగమ్మ సంతకం పెట్టకపోవడం వల్ల పని ఆగిపోయిందని. ఆ సాయంత్రం బస్సులో నా స్నేహితురాలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శూలగిరి దాటాక ఇటు తిరిగింది.

"అక్కా, మాకు ఈ నెల ఎన్ని దినాలు పని దొరికిందో తెలుసునా నీకు?"

"తెలుసమ్మా."

"తెలిసి కూడా ఏంటికక్కా ఈ పంతం? అది గెలుస్తా ఉండాది కదా! గెలిచే వస్తువులో తప్పేందక్కా? నీకు జీతం వస్తాది. మాకు కూడు ఈడనే ఉండాది."

ఓడిపోయే వస్తువును డబ్బాల్లో పెట్టి పంపితే ఈ సగం రోజుల పని కూడా ఉండదని ఆమెకు ఎలా చెప్పను? నా దగ్గర ఉన్నది చూడని సగం ఆట. సోమవారం పొద్దున బస్సెక్కితే నా సీట్లో వేరెవరో కూర్చుని ఉన్నారు. హోసూరు దాకా నిలబడే వెళ్లాను.

టెస్టింగ్ హాలులో బల్ల మధ్యలోకి లాగి పెట్టారు. ఓనరుగారికి కుర్చీ. ఇంజనీరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. పని లేదు కాబట్టి లైను ఆడవాళ్లంతా తలుపు దగ్గర గుంపుగా చేరారు. బయట జనరేటరు గుడగుడమంటోంది. తెల్లపావులు నావి.

మొదటి అరగంట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నేను కొట్టను, కొట్టించుకోను. బంటుకు బంటు ఎదురు పెడుతున్నాను. ఎడమ చివర మూయడానికి చాలాసేపు పట్టింది. అక్కడ అది తెరుద్దామని చూసింది, నేను గుర్రాన్ని తెచ్చి అడ్డం పెట్టాను. తరువాత నా ఏనుగును దాని ఒంటెకిచ్చి ఒంటెను చంపాను. తెర మీద అంకె ఎగిరి పడింది. తలుపు దగ్గర నుంచి "అయ్యో" అని వినిపించింది. ఆట తెలియకపోయినా ఏనుగు పోయిందని అందరికీ తెలుస్తుంది కదా.

"ఏందమ్మా, ఏనుగును వదిలేస్తివి?" అన్నారు ఓనరుగారు.

"ఉండనీ సార్."

ఇక మొదలైంది. నేను రాజును ఒక గడి జరుపుతాను. అది ఏనుగును జరుపుతుంది. నేను రాజును వెనక్కి తెస్తాను. ఒకే స్థితి మళ్లీ మళ్లీ వచ్చినా డ్రాయే, కాబట్టి అది తన ఏనుగులను కొత్త కొత్త గడులకు తిప్పుతోంది. గోడ వెనక తిరగడమే తప్ప గోడ దాటేది లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఓనరుగారు ఆవలించారు.

"ఇదేందమ్మా, ఉయ్యాల ఊగినట్ల? ఇట్ల ఆడితే చూసేవోళ్లు లేచిపోతారు."

ఎవరో నవ్వారు. అప్పుడు ఆ గుంపులోంచి నా స్నేహితురాలి గొంతు గట్టిగా వినిపించింది.

"సార్, ఆయక్క సుమ్మనే ఊరికే ఆడలేదు సార్. దాన్ని కట్టేసింది. పులిని కట్టేసింది. చూడండి కావాలంటే, దానికి కాలు పెట్టేకి చోటు లేదు!"

నేను తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లలో నీళ్లు కనిపిస్తాయి.

యాభై దగ్గర పడింది. ఈ బోర్డు కొన్ని ఎత్తుల ముందు దాకానే చూడగలదు. దూరాన ఉన్న డ్రా దానికి ఇంతసేపూ కనిపించలేదు. ఇప్పుడు కనిపించింది. దీపాలు వెలగడం ఆలస్యమైంది. అది ఆలోచిస్తోందని అందరికీ తెలిసిపోయింది. తరువాత రాజు ముందున్న బంటు కింద దీపం వెలిగింది. శనివారం వేసిన ఎత్తే. నా బంటు నోట్లో దాని బంటు.

ఇంజనీరు గోడను వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు.

చంపాను. లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. తెర మీద అంకె కొంచెం తగ్గింది, ఇంకా తనదే పైచేయి అంటోంది. నేను గోడను మళ్లీ సర్దుకుని రాజును నడిపించడం మొదలుపెట్టాను. ఈసారి ఎవరూ ఆవలించలేదు. టీ వచ్చింది, ఎవరూ ముట్టుకోలేదు, నేనైతే కప్పు వైపు చూడను కూడా లేదు. మళ్లీ యాభై దగ్గర పడింది. మళ్లీ దీపాలు ఆలస్యం. మళ్లీ ఒక బంటు, రాజుకు రెండో వైపున ఉన్నది. అది కూడా ఊరికే ఇచ్చేసింది.

ఆ బంటుతో పాటు తలుపు కూడా తెరిచింది.

దాని రాజు ముందు నిలువునా ఒక దారి ఖాళీ అయింది. నా మిగిలిన ఏనుగును ఆ దారి మీద పెట్టాను, దాని వెనక మంత్రిని. బోర్డు ఏనుగులు రెండూ ఎక్కడో మూలన, తన సొంత బంట్ల వెనకే ఇరుక్కుని ఉన్నాయి, రావడానికి దారి లేదు. తెర మీద అంకె ఒక్కసారిగా అటునుంచి ఇటు దొర్లింది. తానే గెలుస్తున్నానని పొద్దున్నుంచి చెబుతున్న బోర్డు, ఓడిపోతున్నానని ఒప్పుకుంది. గుర్రం దూకింది, రాజు మూలకు జరిగాడు, ఏనుగు చివరి వరుసకు వెళ్లి నిలబడింది.

గడులన్నీ ఒకేసారి వెలిగి ఆరిపోయాయి. బోర్డు ఓడిపోతే అలా చేయాలని ఇంజనీరే ఎప్పుడో పెట్టాడట. అందాకా అది వెలగడం ఎవరూ చూడలేదు.

తలుపు దగ్గర ఆడవాళ్లు వేసిన కేకలకు పక్క షెడ్డు వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. నా స్నేహితురాలు జనాన్ని తోసుకుని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. తమ బోర్డే ఓడిపోయిందనీ, తమ పనే ఆలస్యమవుతుందనీ ఆ నిమిషంలో ఎవరికీ గుర్తు లేదు. మనలో ఒకరు గెలిచారు, అంతే.

ఓనరుగారికి మాత్రం మొహం మాడిపోయింది. ఇంజనీరు వైపు తిరిగారు.

"ఏందప్పా ఇది? గెలిచే ఆటను ఏంటికి పాడు చేసుకునింది?"

ఇంజనీరు తెర మీద ఏవో అంకెలు వెనక్కి తిప్పి చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"డ్రా వస్తా ఉండాదని చూసింది సార్. డ్రా అయితే ఓడిపోయినట్లేనని దానికి చెప్పి పెట్టినాను. అందుకని డ్రా తప్పించుకునేకి ఏదో ఒకటి ఇచ్చేసింది."

"అట్ల ఏంటికి చెప్పినావు?"

అతను తల ఎత్తాడు. "మీరే గదా సార్ చెప్పినారు. మన బోర్డు డ్రాకి ఒప్పుకోకూడదు, ఆటంటే గెలవాల్సిందేనని."

ఓనరుగారు నా వైపు చూశారు. నేను గుర్రాన్ని చూస్తూ కూర్చున్నాను. మొదట ఆయనే నవ్వారు. చిన్నగా మొదలై, పొట్ట పట్టుకుని నవ్వేదాకా వచ్చింది. "అయితే ఆ పెట్టెలో కూచోని ఓడిపోయింది నేనా?" అన్నారు. ఆ మాటతో గది గదంతా నవ్వింది.

పిల్లలు ఎలా ఓడించాలని అడిగితే నేను చెప్పేది ఇదే. యంత్రం బాగా చేసే పనిలో దానితో పోటీ పడితే ఓడిపోతారు. లెక్కలో దానికి అలుపు లేదు. దానికి ఎవరో ఒక కోరిక పెట్టి ఉంటారు. ఆ కోరిక దాన్ని ఎక్కడ తెలివితక్కువగా నడిపిస్తుందో ఓపికగా వెతకాలి. ఇప్పటి ప్రోగ్రాములు ఈ చిన్న ఎరకు పడవు, వాటికి ఈ పాఠాలన్నీ ఎవరో నేర్పేశారు. నేర్పినవాళ్లలో నాలాంటి టెస్టింగు వాళ్లు ఎంతమంది ఓడీ ఓడీ గెలిచి ఉంటారో అని నాకు అనిపిస్తుంది.

ఆ వారం ఇంజనీరు ఇంటికి సరిగ్గా పోయినట్టు లేదు. హెడ్‌ఫోన్లు సొరుగులో పెట్టేశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈడ నువ్వేంటికి గుర్రాన్ని తెచ్చినావక్కా? ఏ మూల తెరిచుంటే నీకు భయం?" అని అడిగి అడిగి రాసుకున్నాడు. ఓడిపోతే దాంట్లో తప్పుందనడం ఎట్ల అన్న కుర్రాడే. డ్రా అంటే ఓటమి కాదని బోర్డుకు నేర్పాడు. దారులు మూసుకుపోతున్నాయంటే ముందే ఒక బంటునిచ్చైనా తెరవమని నేర్పాడు. గోడ వెనక ఉన్న ఏనుగుకు విలువ తగ్గించాడు.

అన్నీ అయ్యాక నన్ను కూర్చోబెట్టాడు. నేను నా గోడ మొదలుపెట్టాను. సగం కూడా కట్టనివ్వలేదు. మధ్యలో ఒక బంటును బలిచ్చి దారి తెరిచి, ఆ దారిలో నన్ను తరిమి తరిమి కొట్టింది. అంత ఆనందంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు. రాజు పడిపోగానే పెన్ను అడిగాను. సంతకం పెట్టాను.

మద్రాసు నుంచి వచ్చినాయన తెలుగాయనే, పెద్దవాడు, తక్కువ మాట. టీ వద్దన్నాడు. కూర్చుని మొదటి నాలుగు ఎత్తులు వేయగానే నేను ముందుకు వంగి చూశాను. బంటుకు బంటు ఎదురు పెడుతున్నాడు. దారులు మూస్తున్నాడు. ఇంజనీరు నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. ఓనరుగారికి కూడా అర్థమై కుర్చీ అంచుకు జరిగారు. పోయిన సోమవారం మేము డబ్బాలు నింపి ఉంటే ఏమయ్యేదో ముగ్గురికీ ఒకేసారి కనిపించింది.

బోర్డు ఒక బంటునిచ్చి మధ్యలో దారి తెరిచింది. ఆయన కనుబొమలు ముడిచాడు. కాసేపటికి ఓడిపోయాడు. రెండో ఆటలో ఇంకా జాగ్రత్తగా, సందు లేకుండా గోడ కట్టేశాడు. ఈసారి దారి తెరవడానికి బోర్డుకు అవకాశం దొరకలేదు. ఏనుగులు గోడ వెనక తిరిగాయి. యాభై దగ్గర పడింది. దీపాలు ఆలస్యం చేయలేదు. ఏనుగు ఒక గడి పక్కకు జరిగింది, మళ్లీ ఒక గడి, మళ్లీ ఒకటి. ఆట నిశ్శబ్దంగా సమానమైంది.

ఆయన వెనక్కి వాలి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇట్లాంటి పెట్టెలు చానా చూసినాను. అన్నిట్నీ ఈ ఒక్క దారిలోనే పడేస్తాను. ఇది మాత్రం పడలేదే. ఎట్ల?"

ఇంజనీరు నన్ను వేలితో చూపించాడు.

"ఆ దారిలో మా అక్క ముందే పోయొచ్చింది సార్. వస్తా వస్తా తలుపు మూసేసింది."

ఆయన లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. తరువాత ఓనరుగారి వైపు తిరిగి, మొదటి లోడు ఎప్పుడు పంపగలరని అడిగాడు. ఆ మాట నోట్లో ఉండగానే, తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే లైను వైపు నడిచి వాళ్ల వాళ్ల స్టూళ్ల మీద కూర్చున్నారు.